పాత కారు వెనక షాకప్‌లు మార్చడం: పనంతా నాలుగు నట్ల దగ్గరే

మీరు చెప్పిన సంగతులు ఇవి. పదిహేనేళ్ల పాత హ్యాచ్‌బ్యాక్, వెనక షాకప్‌లు ఇప్పటిదాకా మార్చలేదు. స్పీడ్ బ్రేకర్ దాటాక వెనక భాగం రెండు మూడు సార్లు ఊగుతోంది. కుడివైపు షాకప్ ఒంటి మీద ఆయిల్ కారి మట్టి పేరుకుంది. ఇంట్లోనే మార్చుకోవచ్చా, స్ప్రింగును నొక్కి పట్టే స్ప్రింగ్ కంప్రెసర్ కొనాలా, కారుతున్న ఒక్కటి మారిస్తే సరిపోదా అని అడిగారు.

ఇంట్లోనే మార్చుకోవచ్చు. స్ప్రింగూ షాకప్పూ విడివిడిగా ఉన్న కారైతే కంప్రెసర్ అక్కర్లేదు. ఒక్కటి మార్చడం మాత్రం కుదరదు, రెండూ మార్చాల్సిందే. ఒకవైపు కొత్తది, ఇంకోవైపు అరిగినది ఉంటే గతుకుల మీద బ్రేకు వేసినప్పుడు, మలుపులో ఉన్నప్పుడు వెనక చక్రాలు రెండూ రెండు రకాలుగా నేలను పట్టుకుంటాయి. అది ఊగడం కన్నా ప్రమాదం.

లెక్కకు చూస్తే పని చిన్నదే. పక్కకు రెండు చొప్పున నాలుగు నట్లు విప్పాలి, మళ్లీ బిగించాలి. కానీ పాత కారులో ఆ నాలుగూ అంత తేలిగ్గా రావు. వాటిని ఏ స్థితిలో బిగించాలో తెలియక కొత్త షాకప్ బుష్‌లను (బోల్టు దూరే చోట ఉండే రబ్బర్లను) కొద్ది నెలలకే చింపుకునేవాళ్లు చాలామంది. అందుకే విప్పడం గురించీ బిగించడం గురించీ ఎక్కువ రాస్తాను, మిగతాది క్లుప్తంగా.

ముందు టార్చి వేసి కారు కిందికి చూడండి. షాకప్ ఒకచోట, స్ప్రింగు ఇంకోచోట ఉంటే మీ పని సులువు. చిన్న కార్లలో ఎక్కువగా ఉండే వెనక బీమ్‌కు, అంటే రెండు వెనక చక్రాలనూ కలిపే అడ్డ దూలానికి, ఇలాగే ఉంటుంది, కమాన్ కట్టలున్న పాత బళ్లలోనూ ఇంతే. స్ప్రింగు షాకప్ చుట్టూ ఉండి రెండూ ఒకే ముక్కగా కనిపిస్తే మాత్రం అది స్ట్రట్. దాన్ని బండి నుంచి మొత్తంగా దింపాక కంప్రెసర్‌తో స్ప్రింగును బిగించి పట్టనిదే పై నట్టు ముట్టుకోకూడదు. ఆ నట్టు వదులైతే స్ప్రింగు ఎగిరి ఎముకలు విరిచేస్తుంది. ఈ పని ఎన్నడూ చేయనివాళ్లు స్ట్రట్‌ను దింపి, స్ప్రింగు మార్పిడి మాత్రం వర్క్‌షాపులో చేయించుకోవడం మంచిది. ఇక్కడి నుంచి నేను చెప్పేది విడివిడిగా ఉన్న రకం గురించే.

తప్పు నిజంగా షాకప్‌దేనా అన్నది కూడా ఒకసారి చూసుకోండి. షాకప్ కారు బరువు మొయ్యదు, మోసేది స్ప్రింగు. నొక్కుకుపోయిన స్ప్రింగు తిరిగి లేస్తూ ఊగుతుంటే, షాకప్ లోపలి ఆయిల్ సన్నటి వాల్వుల గుండా పోతూ ఆ ఊపును వేడిగా మార్చేస్తుంది. అందుకని బండి వెనక్కి వాలినట్టు కనిపిస్తే కొత్త షాకప్‌లతో అది లేవదు. స్ప్రింగు మెత్తబడి ఉంటుంది, లేదా చివరి చుట్టు విరిగి ఉంటుంది. చివరి చుట్టు రబ్బరు గిన్నెలో దాగి ఉంటుంది కాబట్టి వేలు పెట్టి తడిమి చూడాలి. చిన్న గతుకుల్లో టక్కుటక్కుమని శబ్దం మాత్రమే వస్తూ ఊగడం లేకపోతే ముందు బుష్‌లను అనుమానించండి. షాకప్ మెడ దగ్గర పలచగా ఆయిల్ తడి ఉండటం మామూలే. మీరు చెప్పినట్టు ఒంటి మీదుగా కిందిదాకా కారి మట్టి పట్టిందంటే మాత్రం సీలు పోయినట్టే.

డిక్కీ మూల చేత్తో నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగుతుందో చూసే పరీక్ష పూర్తిగా చచ్చిన షాకప్‌నే పట్టిస్తుంది. సగం పాడైనది అందులో దొరకదు, ఎందుకంటే చేత్తో నొక్కినప్పుడు పిస్టన్ కదిలే వేగం రోడ్డు మీద కదిలే వేగం ముందు ఏపాటిదీ కాదు. అంతకన్నా టైరు నిజం చెబుతుంది. వెనక టైరు మీద అరచేయి ఆనించి చుట్టూ జరపండి. చెంచాతో అక్కడక్కడ గీరినట్టు పల్లాలు తగిలితే ఆ చక్రం చాలాకాలంగా నేల మీద గెంతుతూ తిరుగుతోందని అర్థం.

కొనాల్సినవి: షాకప్‌లు రెండు, బంప్ స్టాప్‌లు రెండు, డస్ట్ కవర్లు రెండు, పై మౌంటు రబ్బర్లూ వాషర్లూ రెండు సెట్లు, పైకి కొత్త లాక్ నట్లు, కిందికి కొత్త బోల్టులు నట్లతో సహా. చాలామంది షాకప్ మాత్రమే కొని మిగతావి పాతవే వేస్తారు. ముఖ్యంగా బంప్ స్టాప్ విషయంలో అలా చేయొద్దు. పిస్టన్ రాడ్డు మీద ఉండే ఆ ఫోమ్ ముక్క పాత కారులో గిల్లితే పొడిపొడిగా రాలుతుంది. అది లేకపోతే నిండు లోడుతో పెద్ద గుంతలో పడ్డప్పుడు పిస్టన్ వెళ్లి అడుగున ఉన్న వాల్వుకే గుద్దుకుంటుంది. కొత్త షాకప్‌ను చంపడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

షాకప్‌లను మోడల్ పేరు చెప్పి కాకుండా ఛాసిస్ నంబరు ఇచ్చి తెప్పించండి. ఒకే పేరున్న కారులో కూడా సెడాన్‌కు ఒకటి, హ్యాచ్‌బ్యాక్‌కు ఒకటి ఉండొచ్చు. కొన్నింట్లో బ్రేకు పైపు పట్టుకునే బ్రాకెట్టు వల్ల కుడి, ఎడమలు కూడా వేరే. పాతది దింపిన వెంటనే కొత్తదాని పక్కన పెట్టి పూర్తిగా చాచిన పొడవు, కింది కన్ను (బోల్టు పట్టే గుండ్రటి చివర) వెడల్పు, బోల్టు దూరే రంధ్రం సైజు, పై రాడ్డు మరలు సరిపోయాయో లేదో చూసుకోండి. పాతదాంట్లో గ్యాస్ పోయి ఉంటే దానంతట అది చాచుకోదు. చేత్తో లాగి కొలవాలి.

పనిముట్ల విషయానికొస్తే, జాకీలు రెండు కావాలి. ఒకటి బండిని లేపడానికి, ఇంకోటి ఇరుసును, అంటే పైన చెప్పిన బీమ్‌ను, పట్టడానికి. స్టాండ్లు రెండు, ముందు చక్రాలకు అడ్డు దిమ్మెలు, 13 నుంచి 21 మి.మీ. దాకా సాకెట్లూ రింగ్ స్పానర్లూ, సాకెట్‌కు తగిలించే అర మీటరు పైబడిన పిడి (బ్రేకర్ బార్), ఎంత బలంతో (టార్క్) బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్, వైర్ బ్రష్, తుప్పు వదిలించే స్ప్రే, కాపర్ గ్రీజు, సుత్తి, హ్యాక్సా బ్లేడు. కళ్లద్దాలు తప్పనిసరి. మడ్‌గార్డ్ లోపలి నుంచి రాలే తుప్పు నేరుగా కళ్లలోనే పడుతుంది.

పనికి రెండు రోజుల ముందే మొదలుపెట్టండి. నాలుగు నట్ల చుట్టూ, బయటికి వచ్చి ఉన్న మరల మీద వైర్ బ్రష్‌తో మట్టీ తుప్పూ రుద్ది తీసేసి స్ప్రే కొట్టండి. రోజుకు రెండుసార్లు కొట్టండి. మట్టి మీదే కొడితే స్ప్రేను మట్టి తాగుతుంది తప్ప మరల్లోకి వెళ్లదు. బయటికి కనిపించే మరలు శుభ్రం చేయకుండా నట్టు తిప్పితే, నట్టు ఆ తుప్పునే లోపలికి లాక్కుని సగంలో పట్టేస్తుంది.

లేపే ముందు ఒక కొలత తీసుకోవాలి. బండి చదునైన నేల మీద, చక్రాల మీద నిలబడి ఉండగా వెనక చక్రం నడిమధ్య నుంచి నిటారుగా పైన మడ్‌గార్డ్ అంచు దాకా ఎంతుందో టేపుతో చూడండి. 36 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. ఆ అంకెను మడ్‌గార్డ్ మీదే ఒక టేపు ముక్క అంటించి రాసిపెట్టండి. రెండోవైపు కూడా అంతే. దీంతో పని చివర్లో పడుతుంది.

చక్రాల నట్లు నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, బండిని గేర్లో వేసి, ముందు చక్రాలకు అటూ ఇటూ దిమ్మెలు పెట్టి, మాన్యువల్‌లో చూపిన చోట జాకీ వేసి లేపండి. స్టాండ్లు బాడీ కింద బలమైన చోట ఉండాలి. బీమ్ నడిమధ్యన జాకీ వేసి లేపొద్దు, చాలా కార్లలో ఆ చోటు బరువుకు వంగుతుంది. జాకీ మీద మాత్రమే ఉన్న బండి కిందికి చెయ్యి కూడా పెట్టకండి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. స్ప్రింగు విడిగా ఉన్న బండిలో ఇరుసు మరీ కిందికి జారకుండా ఆపేది చాలాసార్లు షాకప్పే. ఇరుసు గాల్లో వేలాడుతుండగా షాకప్ బోల్టు లాగేస్తే ఇరుసు ఒక్కసారిగా పడిపోతుంది, స్ప్రింగు గిన్నెలోంచి జారుతుంది, ఆ బరువంతా బ్రేకు రబ్బరు గొట్టం మీద పడుతుంది. గొట్టం పైకి చెక్కుచెదరకుండా కనిపించినా లోపల పొర చిరిగి ఉండొచ్చు, అది బయటపడేది బ్రేకు తొక్కినప్పుడే. అందుకే రెండో జాకీని ఇరుసు కింద, స్ప్రింగు గిన్నెకు దగ్గరగా పెట్టి, షాకప్ ఒక సెంటీమీటరో రెండో నొక్కుకునేదాకా లేపి ఉంచండి. ఒకవైపు పూర్తిగా అయ్యాకే రెండోవైపు. రెండు షాకప్‌లూ ఒకేసారి విప్పకండి. ఏబీఎస్ వైరు, హ్యాండ్ బ్రేక్ కేబులు, కొన్ని కార్లలో ఇరుసు నుంచి బ్రేకు వాల్వుకు వెళ్లే సన్నటి రాడ్డు దగ్గరలోనే ఉంటాయి. ఆ రాడ్డు వంగితే వెనక బ్రేకుల ఒత్తిడి మారిపోతుంది, దాని మీద చెయ్యి ఆనించకండి.

ముందు పై నట్టు. అది డిక్కీలో పక్క ట్రిమ్ వెనకో, వెనక సీటు పక్కనో, కొన్నింట్లో చక్రం గూటిలోనో ఉంటుంది. ప్లాస్టిక్ మూత తీస్తే రాడ్డు చివర కనిపిస్తుంది. నట్టు తిప్పితే రాడ్డు కూడా తిరుగుతుంది, అందుకే రాడ్డు కొసన చదునుగా చెక్కిన రెండు ముఖాలో, అలెన్ కీ గుంటో ఉంటుంది. ఆ చదును మీద చిన్న స్పానర్ పట్టి, కింద నట్టుకు వంపున్న రింగ్ స్పానర్ వేసి తిప్పండి. మొదటి కదలిక దొరికాక ఆత్రపడకండి. పావు చుట్టు విప్పి, కాస్త వెనక్కి బిగించి, స్ప్రే కొట్టి, మళ్లీ పావు చుట్టు. ఒకే ఊపున లాగితే తుప్పు మరల మధ్య పొడై బిగుసుకుని రాడ్డు కొస గుండ్రంగా అరిగిపోతుంది.

అరిగిపోతే ఏం చేయాలి? పాత షాకప్ ఎలాగూ పారేసేదే కాబట్టి కింద డస్ట్ కవర్ పైకి లేపి రాడ్డును గట్టి పట్టకారుతో పట్టినా ఫరవాలేదు. అదీ కాకపోతే నట్టును ఒక ముఖం మీద హ్యాక్సా బ్లేడుతో నిలువుగా కోసి, ఉలితో చీల్చండి. గ్రైండర్ వాడాల్సి వస్తే కార్పెట్టూ సీటూ తీసి, తడిగుడ్డ పరిచి, ఆ వెనక పెట్రోలు గొట్టాలు లేవని చూసుకున్నాకే. నిప్పురవ్వలు మీకు కనిపించే చోటే ఆగవు. ఇక షాకప్‌ను గ్యాస్ మంటతో మాత్రం వేడిచేయకండి. లోపల ఆయిల్, ఒత్తిడిలో ఉన్న నైట్రోజన్ ఉంటాయి. ఒకే గొట్టం (మోనోట్యూబ్) రకంలో ఆ ఒత్తిడి 20 నుంచి 30 బార్ల దాకా ఉంటుంది. వేడికి పేలుతుంది.

పై నట్టు వదిలిందంటే కింది బోల్టు. ఇక్కడ ఇబ్బంది వేరే రకం. నట్టు వచ్చేస్తుంది, బోల్టు రాదు. బుష్ నడుమ ఒక ఇనుప గొట్టం ఉంటుంది, బోల్టు దాని గుండా పోతుంది. ఏళ్ల తరబడి నీళ్లు చేరి బోల్టూ ఆ గొట్టమూ తుప్పుతో ఒకటైపోతాయి. బోల్టు తల తిప్పుతుంటే తిరుగుతున్నట్టే ఉంటుంది. కానీ దగ్గరగా చూడండి, బుష్ రబ్బరు కూడా దాంతోపాటే మెలికపడి, వదలగానే వెనక్కి వస్తుంది. అంటే బోల్టు కదలడం లేదు, రబ్బరు సాగుతోంది. అప్పుడు సుత్తితో బాదితే బ్రాకెట్టు వంగుతుంది తప్ప బోల్టు రాదు. బ్రేకర్ బార్‌తో అటూ ఇటూ తిప్పుతూ రెండు పక్కలా స్ప్రే కొట్టండి, పావుగంట ఇవ్వండి. అయినా పట్టు వదలకపోతే బుష్‌కీ బ్రాకెట్టుకీ మధ్య ఉన్న సన్నటి సందులో బ్లేడు పెట్టి బోల్టును రెండు పక్కలా కోసేయడమే మేలు. కొత్త బోల్టులు ముందే కొనమన్నది ఇందుకే. బ్రాకెట్టు అంచు కొయ్యకుండా బ్లేడును బుష్ వైపుకు వాల్చండి.

కొన్ని కార్లలో కింద నట్టు విడిగా ఉండదు, బ్రాకెట్టుకే వెల్డు చేసి ఉంటుంది. దాని విషయంలో ఇంపాక్ట్ గన్ వాడొద్దు. వెల్డు ఊడితే నట్టు లోపల తిరుగుతూ ఉంటుంది, దానికి స్పానర్ అందదు. చేత్తోనే, పావు చుట్టు ముందుకీ కాస్త వెనక్కీ.

కింది బోల్టు వచ్చేటప్పుడు ఇరుసు కింద జాకీని పిసరంత పైకో కిందికో జరిపితే బోల్టు మీద బరువు పోయి చేత్తో జారి వచ్చే చోటు ఒకటి దొరుకుతుంది. కొత్త బోల్టు దూర్చేటప్పుడూ ఇదే పద్ధతి.

పాతది దిగాక దాన్ని నిలబెట్టి చేత్తో నొక్కి లాగి చూడండి. మధ్యలో ఎక్కడైనా ఏ అడ్డూ లేకుండా జారిపోతే అక్కడ ఆయిల్ బదులు గాలి ఉన్నట్టు. కొత్తదాన్ని కూడా నేరుగా బిగించకూడదు. రెండు గొట్టాల (గొట్టం లోపల గొట్టం ఉండే) షాకప్ పెట్టెలో పడుకుని ఉన్నప్పుడు గ్యాసో గాలో ఆయిల్ గదిలోకి చేరుతుంది. బండిలో ఎలా నిలబడుతుందో అలాగే నిటారుగా పట్టుకుని, మెల్లగా చివరిదాకా నొక్కి, మెల్లగా చివరిదాకా చాచి, నాలుగైదు సార్లు చేయండి. మొదట్లో ఒకచోట ఖాళీగా జారినట్టు అనిపించి, తర్వాత మొత్తం దారి ఒకే బిగువుతో వస్తుంది. ఆ తర్వాత బిగించేదాకా పడుకోబెట్టొద్దు. ఈ పని చేయకపోతే మొదటి రోజుల్లో షాకప్ లోపల టకటకమంటుంది, కొత్తదే చెడిపోయిందని షాపుకు తిప్పి పంపుతారు. ఒకే గొట్టం రకానికి ఇది అక్కర్లేదు.

గ్యాస్ షాకప్ కొన్నిసార్లు పట్టీతో కట్టి వస్తుంది. కింది కన్నులో బోల్టు దూరి, రాడ్డు కొస పై రంధ్రానికి సూటిగా వచ్చాకే పట్టీ కోయండి. అది తానే చాచుకుంటూ రంధ్రంలోకి వెళుతుంది. మెరిసే రాడ్డు మీద మాత్రం పట్టకారు, వైస్ గ్రిప్ లాంటివి పెట్టకండి. కంటికి కనబడని గీత పడ్డా చాలు, రాడ్డు కదిలిన ప్రతిసారీ అది సీలును గీరుతుంది, కొన్ని నెలల్లో ఆయిల్ కారడం మొదలవుతుంది. పై నట్టుకు ఇంపాక్ట్ గన్ కూడా వద్దు. రాడ్డు గిర్రున తిరిగితే సీలుకు దెబ్బ, అవతలి కొసన పిస్టన్‌ను పట్టిన నట్టు కూడా వదులవ్వొచ్చు.

పైన వరుస ఇలా ఉండాలి: వాషరు, రబ్బరు, బాడీ రేకు, మళ్లీ రబ్బరు, వాషరు, నట్టు. వాషరు గిన్నెలా ఉంటే దాని లోపలి వైపు రబ్బరుకు తగలాలి. ఒక్క వాషరు తిరగబడినా గుంతలో శబ్దం వస్తుంది. మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కు బిగించండి. ఈ నట్టుకు అది సాధారణంగా కింది బోల్టు కన్నా చాలా తక్కువ. రబ్బరు ఉబ్బి వాషరు అంచుకు సమానంగా వస్తే సరిపోయినట్టు. వాషరును దాటి బయటికి పొంగితే ఎక్కువైనట్టు, ఆ రబ్బరు త్వరగా పగులుతుంది. కింది బోల్టు ఒంటికి పలచగా కాపర్ గ్రీజు రాయండి. మరల మీద మాత్రం పూయొద్దు, గ్రీజు మీద అదే టార్క్ పెడితే బోల్టు అవసరానికి మించి సాగుతుంది.

ఇప్పుడు కింది బోల్టును చేత్తో, లేదా స్పానర్‌తో తగిలీ తగలనట్టు మాత్రమే బిగించి ఆపేయండి. చక్రాలు గాల్లో ఉండగా పూర్తిగా బిగించకూడదు. బుష్ రబ్బరు తన లోపలి ఇనుప గొట్టానికి అంటుకుని ఉంటుంది. బోల్టు బిగిస్తే ఆ గొట్టం బ్రాకెట్టులో కదలకుండా ఉండిపోతుంది. ఇరుసు కిందికి వేలాడుతుండగా బిగిస్తే, బండి నేల మీదికి రాగానే షాకప్ కోణం మారి రబ్బరు మెలికపడి అలాగే ఉండిపోతుంది. నిలబెట్టి ఉన్నా మెలికే, నడుస్తున్నా మెలికే. అలా ఉన్న రబ్బరు ఎక్కువకాలం నిలవదు.

అందుకే మొదట రాసుకున్న కొలత. కింది బోల్టుకు నేల మీద చెయ్యి అందితే చక్రాలు వేసి, బండి దించి, నాలుగు అడుగులు ముందుకీ వెనక్కీ తోసి, అప్పుడు బిగించండి. అందకపోతే చక్రాలను ర్యాంపుల మీదికి ఎక్కించి బిగించడం రెండో దారి. అదీ లేకపోతే జాకీతో ఇరుసును లేపుతూ చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డ్ దాకా మళ్లీ ఆ 36 వచ్చేదాకా తీసుకెళ్లండి. కొలత రాకముందే బాడీ స్టాండు మీంచి లేవబోతున్నట్టు కనిపిస్తే అక్కడే ఆపి, ఆ స్థితిలో బిగించండి, అసలు స్థితికి అది దగ్గరగానే ఉంటుంది. మామూలు 8.8 గ్రేడు, 12 మి.మీ. బోల్టు సుమారు 80 న్యూటన్ మీటర్లు తట్టుకుంటుంది, కానీ మీ కారు మాన్యువల్‌లో ఉన్న అంకే ప్రమాణం.

చక్రాల నట్లు ఎదురెదురుగా బిగించి, నెమ్మదిగా ఒక చుట్టు తిప్పుకురండి. ఇలాంటి బీమ్‌కు వీల్ అలైన్‌మెంట్ మారదు. ముందు పెద్దగా ఊగే బండిలో వినపడని చిన్న శబ్దాలు ఇప్పుడు వినిపించొచ్చు. ఇరుసును పట్టిన బుష్‌లు, స్ప్రింగు రబ్బరు గిన్నెలు కూడా అదే వయసువి కాబట్టి చక్రం విప్పి ఉన్నప్పుడే వాటినీ ఒకసారి కదిపి చూసుకుంటే మళ్లీ బండి లేపాల్సిన పని తప్పుతుంది. వంద కిలోమీటర్లు తిరిగాక నాలుగు నట్లనూ టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి. కొత్త రబ్బరు కాస్త కూర్చుంటుంది, పై నట్లు పావు చుట్టు తీసుకున్నా ఆశ్చర్యం లేదు. పాత షాకప్‌లను కొయ్యకండి, మంట దగ్గర ఉంచకండి. కారుతున్నదాన్ని నిలబెట్టే ఉంచి, లోపల ఆయిలూ గ్యాసూ ఉన్నాయని చెప్పి పాత సామానుకు ఇవ్వండి.